మా బాబును కాపాడిన సిస్టర్‌కు, డాక్టర్లకు కృతజ్ఞతలు

సద్దుల బతుకమ్మ నాటి రాత్రి మా పద్నాలుగేళ్ల బాబుకు బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. పులిహోర, సత్తుపిండి ఎక్కువగా తిన్నాడు కనుక అజీర్తి అనుకున్నాము. తెల్లవారి ఊళ్లోని ఒక వైద్యుడు ఇంజెక్షన్ ఇచ్చి, గ్యాస్ అని చెప్పి పంపించారు. రెండు గంటలు తెరిపిగా ఉండడంతో తగ్గిందని మేమూ నమ్మాము. నొప్పి తగ్గించే మందు ఇవ్వడం తప్పు కాదని, నొప్పి తగ్గగానే జబ్బు కూడా తగ్గిందనుకోవడమే ప్రమాదమని తరువాత తెలిసింది.

మధ్యాహ్నానికి వాంతి చేసుకున్నాడు, అన్నం వద్దన్నాడు, ఒళ్లు వెచ్చబడింది. కడుపు శుభ్రమవుతుందని మా అమ్మ గ్లాసులో ఆముదం పోసి తెచ్చిన సమయానికే, ఆమె బి.పి. చూడడానికి మా సబ్‌సెంటర్ ఏ.ఎన్.ఎం. సిస్టర్ వచ్చారు. ఆ గ్లాసును పక్కన పెట్టించి, బాబు పక్కన కూర్చొని, "తమ్మీ, నొప్పి ముందుగాల ఎక్కడ సురువైంది? ఇప్పుడు ఎక్కడున్నది? ఒక్క వేలుతోని చూపెట్టు" అని అడిగారు. వాడు మొదట బొడ్డును, ఆ తరువాత పొట్ట కింది భాగంలో కుడి పక్కను చూపించాడు. ఒకసారి దగ్గమంటే దగ్గి, అదే చోట చేయి పెట్టుకొని ముడుచుకున్నాడు. ఇది ఇరవై నాలుగు గంటల నొప్పి, అంటే పెద్దపేగు మొదట్లో చిన్న తోకలా ఉండే అపెండిక్స్ వాచడం కావచ్చని, నీళ్లు కూడా తాగించవద్దని చెప్పి, ఆమే 108కు ఫోన్ చేశారు. హనుమకొండ చేరేదాకా స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ వాడు కుడి మోకాలిని కడుపులోకి లాక్కొని కేక వేయడం నేను మరువలేను. ఆ కుదుపు నొప్పి కూడా డాక్టర్‌కు చెప్పవలసిన గుర్తేనట.

స్కానింగ్, రక్తపరీక్ష చేసి ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. అపెండిక్స్ నుంచి వచ్చే నరాలు, బొడ్డు చుట్టూ ఉన్న చర్మం నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో ఒకే చోట చేరతాయి కనుక నొప్పి మొదట బొడ్డు దగ్గర తెలుస్తుందని, వాపు పెరిగి కడుపు లోపలి పొరకు తగిలిన తరువాతే కుడి పక్కకు దిగుతుందని సర్జన్ గారు మాకు కాగితం మీద గీసి చూపించారు. అటువంటప్పుడు విరేచనాల మందు పడితే వాచిన అపెండిక్స్ పగిలే ముప్పు పెరుగుతుందని విన్నాక మా అమ్మ చాలాసేపు మాట్లాడలేకపోయింది.

ఆ సర్జన్ గారే మమ్మల్ని కాసేపు బయట ఉండమని, బాబు వృషణాలను కూడా పరీక్షించారు. వృషణం మెలిక పడినా మగపిల్లలకు పొత్తికడుపులోనే నొప్పి రావచ్చని, సిగ్గుతో చెప్పకుండా దాచుకుంటే గంటల్లోనే అది పాడైపోతుందని ఆయన చెప్పిన మాట మగపిల్లలున్న ప్రతి ఇంటికీ చేరాలని నా కోరిక.

వార్డులో ఉన్న రోజుల్లో మరికొన్ని నొప్పులను కళ్లారా చూశాను. మా బాబు కదలకుండా పడుకుంటే, మూత్రపిండంలో రాయి ఉన్న ఒక పెద్దాయన నడుము పట్టుకొని ఒక్క చోట నిలవలేక తిరిగేవారు. పిత్తాశయంలో రాళ్లున్న ఒక అక్కకు నూనె వంటలు తిన్న తరువాత కుడి పక్కటెముకల కింద నొప్పి లేచి భుజం దాకా పాకేదట. షుగర్ ఉన్న పెద్దవారికి పై కడుపులో నొప్పి, చెమటలు వస్తే గుండెను కూడా అనుమానించాలని, నెల తప్పిన స్త్రీకి పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి వస్తే గర్భం నాళంలో నిలిచిందేమో వెంటనే చూపించాలని నర్సమ్మలు చెప్పారు. ఇన్నింటినీ మనం ఇంట్లో ఒక్క గ్యాస్ కింద కట్టేస్తున్నాము.

108 సిబ్బందికి, సర్జన్ గారికి, రాత్రంతా సెలైన్ చూసుకున్న నర్సమ్మలకు, మేము లేనప్పుడు మా బర్లకు మేత వేసిన పక్కింటి బాపుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కుట్లు విప్పించుకొని వచ్చిన రోజే మా అమ్మ జొన్నరొట్టెలు కట్టుకొని సిస్టర్ ఇంటికి వెళ్లింది. ఆమె ఇంట్లో లేరు, పక్క వాడలో ఎవరికో బి.పి. చూడడానికి వెళ్లారని చెప్పారు. అమ్మ ఆమె వచ్చేదాకా అక్కడే అరుగు మీద కూర్చుంది.