అత్యవసర రేడియో కిట్ల నిధి: జమా ఖర్చుల వివరణ

కరెంటు, సెల్ టవర్లు రెండూ పోయిన రోజున వాడేందుకు రెండువైపులా మాట్లాడుకునే ఆరు చిన్న రేడియో కిట్లు సిద్ధం చేస్తామని చెప్పి కమిటీ డబ్బు వసూలు చేసింది. ఆరూ సిద్ధమయ్యాయి, కానీ చెప్పిన గడువుకు తొమ్మిది వారాలు దాటాక. ఈ ఆలస్యం మీద, అంతకన్నా బ్యాటరీల పద్దు మీద సభ్యుల్లో అనుమానాలు ఉన్నాయని మాకు తెలుసు. అందుకే లెక్క అందరి ముందూ పెడుతున్నాం. ఎవరెంత ఇచ్చారో బయటికి తెలియకూడదని దాతల్లో కొందరు కోరారు కనుక, వచ్చిన మొత్తాన్ని 1000 వంతులు చేసి ఏ పద్దుకు ఎన్ని వంతులు పోయాయో రాస్తున్నాం. అసలు మొత్తాలు, రసీదులు, ఓచర్లు కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఏ సభ్యుడైనా వచ్చి చూసుకోవచ్చు.

జమ

సభ్యుల చందాలు: 410
విరాళాలు: 465
వాడకంలో లేని పాత సామాను అమ్మగా వచ్చింది: 125
మొత్తం: 1000

చందా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ, యాంటెన్నాల కోసం తీగ చుట్ట ఊరికే ఇచ్చిన సభ్యుడికి, కిట్లకు సోల్డరింగ్ చేసిన నలుగురికీ కృతజ్ఞతలు. ఆ నలుగురికీ కూలి ఇచ్చారా అని ఒకరు అడిగారు. ఇవ్వలేదు, వాళ్లూ అడగలేదు.

ఇస్తామన్న మాట ప్రకారం తొమ్మిది మంది నుంచి 140 వంతులు ఇంకా రావాలి. మూడుసార్లు గుర్తు చేశాం. ఆ డబ్బు రాకపోవడం వల్ల ఏం ఆగిపోయిందో కింద యాంటెన్నాల దగ్గర చెప్పాం.

ఖర్చు

రేడియోలు, ఆరు: 264
బ్యాటరీలు, పన్నెండు: 312
బ్యాటరీల రవాణా: 48
చార్జర్లు, ఆరు: 54
బ్యాటరీలు పరీక్షించే లోడు (బ్యాటరీ నుంచి కరెంటు లాగేది): 16
యాంటెన్నాలు, వాటిని రేడియోకు కలిపే కోయాక్స్ కేబుళ్లు: 84
సోలార్ పలకలు, రెండు: 62
వాటి కంట్రోలర్లు (పలక కరెంటును బ్యాటరీకి తగ్గట్టు సర్దేవి): 14
ఫెర్రైట్ రింగులు (తీగ చుట్టి రొద తగ్గించేవి): 9
డమ్మీ లోడు (యాంటెన్నాకు బదులు తగిలించి రేడియోను పరీక్షించేది), పవర్ మీటరు: 22
పెట్టెలు, ఫ్యూజులు, కనెక్టర్లు: 38
సందేశం రాసే ఫారాలు, పెన్సిళ్లు: 7
మొత్తం: 930
చేతిలో నిల్వ: 70

రేడియోల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. విడిభాగాలుగా కొని ఇక్కడే కూర్చుకున్నాం. ఆరూ 5 వాట్లు ఇస్తున్నాయని డమ్మీ లోడు మీద చూశాకే పెట్టెల్లో పెట్టాం. వాటికి బదులు 100 వాట్ల సెట్టు ఒకటి కొనాల్సిందన్న వాదనకు మాత్రం జవాబు చెప్పాలి. 100 నుంచి 5 వాట్లకు దిగితే తగ్గేది 13 డెసిబెళ్లు, అంటే సిగ్నల్ బలం చూపే ఎస్ మీటరు మీద రెండు గీతల పైచిలుకు. మాట వినిపించే చోట ఆ తేడాతో మాట ఆగిపోదు, చుక్కలు, గీతల మోర్స్ సంకేతాల్లో అయితే అసలు ఇబ్బందే ఉండదు. కానీ 100 వాట్ల సెట్టు ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు దాదాపు 20 ఆంపియర్లు లాగుతుంది. ఆ ఆకలికి తగిన బ్యాటరీని భుజాన వేసుకుని ఎవరూ నడవలేరు. పైగా సెట్టు ఒక్కటే అయితే అవతలి నుంచి జవాబిచ్చేది ఎవరు?

ఇక బ్యాటరీల సంగతి. రవాణా, చార్జర్లు, లోడు కలిపితే ఈ పద్దు 430 వంతులు, రేడియోల ఖర్చు కంటే చాలా ఎక్కువ. ఇది పొరపాటున జరిగింది కాదు, తెలిసే చేశాం. మా రేడియో వినడానికి 0.3 ఆంపియరు, ట్రాన్స్‌మిట్‌కు 1.5 ఆంపియర్లు తీసుకుంటుంది. గంటలో 12 నిమిషాలు మాట్లాడి మిగతా 48 నిమిషాలు వింటే సగటు 0.54 ఆంపియరు. 6 ఆంపియర్ అవర్ల (ఒక ఆంపియరు చొప్పున ఆరు గంటలు ఇచ్చే) బ్యాటరీ ఆ లెక్కన 11 గంటలు వస్తుంది. ఒక రాత్రి గడవడానికే బొటాబొటి. రెండు ఉంటే 22 గంటలు. కిట్టుకు రెండేసి కొన్నది అందుకే.

మేం కొన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానికి బదులు లెడ్ యాసిడ్ బ్యాటరీలు సగం ధరకు వచ్చేవి కదా అని చాలామంది అన్నారు. 7 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగానికి మించి వాడితే దాని ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది. అంటే చేతికొచ్చేది 3.5 ఆంపియర్ అవర్లే. మా పన్నెండు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలకు సరితూగాలంటే అవి ఇరవై ఒకటి కావాలి. ఒక్కోటి రెండు కిలోల పైమాటే. ఇవి కిలోకు లోపు. ఇంకో సంగతి, రేడియోలకు చెప్పిన వోల్టేజి సాధారణంగా 13.8, దానికి అటూ ఇటూ నూటికి 15. అంటే 11.7కు కిందికి పోకూడదు. సగం వాడిన లెడ్ యాసిడ్ బ్యాటరీ మీద ట్రాన్స్‌మిట్ బటన్ నొక్కితే వోల్టేజి అక్కడికే జారుతుంది, మాట గరగరలాడుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ చివరి వరకూ ఇంచుమించు 13 వోల్టుల దగ్గరే నిలబడుతుంది.

చార్జర్లు కొత్తవి ఎందుకంటే, ఇవి 14.4 నుంచి 14.6 వోల్టుల దగ్గర ఆగాలి. లెడ్ యాసిడ్ చార్జర్లు కొన్ని బ్యాటరీని బాగుచేసే పేరుతో 15 వోల్టులు దాటిస్తాయి. ఇళ్లలో ఉన్నవి వాడమన్నవారు ఇది గమనించాలి.

ఆలస్యానికి కారణాలు రెండు. లిథియం అయాన్ బ్యాటరీలను (మావీ ఆ కోవవే) విడిగా ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధం. సరుకు విమానంలో తెప్పిస్తే ఖర్చు భరించలేం. ఓడలో, రోడ్డు మీద రావడానికి ఐదు వారాలు పట్టింది. ఇది ముందే ఊహించి గడువు చెప్పాల్సింది, చెప్పలేదు. ఆ తప్పు కమిటీదే.

రెండోది పరీక్ష. నింపిన బ్యాటరీకి 1.2 ఆంపియర్ల లోడు తగిలించి, 10 వోల్టులకు దిగేదాకా గడియారం చూశాం. మంచి బ్యాటరీ ఐదు గంటలు రావాలి. నాలుగు గంటల ముప్పావు, అంటే 5.7 ఆంపియర్ అవర్లు దాటినవి తీసుకుందామని ముందే అనుకున్నాం. లోడు ఒక్కటే కనుక రోజుకు ఒకటే పరీక్ష. పది నెగ్గాయి. ఏడో నంబరు 3 గంటల 20 నిమిషాలకే కట్టయింది, లెక్కగడితే 4 ఆంపియర్ అవర్లు. పదకొండో నంబరు 4 గంటల 5 నిమిషాలు, 4.9. లోపల వరసగా ఉన్న నాలుగు సెల్స్‌లో ఒకటి వెనకబడితే, మిగతా మూడింట్లో చార్జి ఉన్నా రక్షణ సర్క్యూటు మొత్తాన్నీ ఆపేస్తుంది. 14.4 వోల్టుల దగ్గర రాత్రీ పగలూ కలిపి 24 గంటలు పెడితే సెల్స్ సమానం కావచ్చని పదకొండో నంబరును అలాగే ఉంచి మళ్లీ చూశాం. 5.2కు వచ్చి ఆగింది. రెంటినీ వెనక్కి పంపాం. అమ్మినవారు కొత్తవి ఇచ్చారు కానీ తిరుగు రవాణా ఖర్చు ఇచ్చేది లేదన్నారు. మూడు ఉత్తరాలు రాసినా ఫలితం లేదు. రవాణా పద్దులోని 48లో 11 వంతులు ఆ ఖర్చే. కొత్త రెండూ పరీక్ష నెగ్గాయి. ఈ పరీక్ష అనవసరమన్నవారు ఏడో నంబరు బ్యాటరీతో ఒక కిట్టు బయటికి వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఆలోచించాలి.

సోలార్ కంట్రోలర్లు రేడియోలో రొద పుట్టిస్తున్నాయన్న ఫిర్యాదు న్యాయమైనదే. అవి ఆన్ చేయగానే మేం వాడే 7 మెగాహెర్ట్జ్ తరంగాల్లో హోరు ఎస్ మీటరు మీద ఎస్ 2 నుంచి ఎస్ 7కు లేచింది. లోపలి స్విచింగ్ రొదను పలక తీగలే యాంటెన్నాలా వెదజల్లుతాయి. వేరే కంట్రోలర్లు కొనకుండా, పలక వైపు ఒక రింగు, బ్యాటరీ వైపు ఒకటి, ఎఫ్‌టీ240-31 రకానివి పెట్టి తీగను పదేసి చుట్లు తిప్పాం. ఎస్ 4కు దిగింది. పూర్తిగా పోలేదు. కాబట్టి ఒక బ్యాటరీ మీద రేడియో నడుస్తుంటే రెండోదాన్ని 15 మీటర్ల దూరంలో పెట్టి చార్జి చేయాలి. బలహీనమైన సిగ్నల్ వినాల్సి వస్తే పలక తీసేయాలి.

యాంటెన్నాలు మేమే చేశాం. 20 మీటర్ల తీగ, ఎఫ్‌టీ140-43 రింగు మీద 2 చుట్లకు 14 చుట్ల ట్రాన్స్‌ఫార్మరు, రెండు చుట్ల వైపు 100 పికోఫారడ్ కెపాసిటరు. తీగ 20.6 మీటర్లకు కోసి, పైకి కట్టాక మీటరు చూస్తూ కొంచెం కొంచెంగా తగ్గించాలి. ముందే పొట్టిగా కోస్తే అతుకే గతి. ఎత్తు స్తంభాలు ఎందుకు కొనలేదని అడిగారు. వరద వచ్చినా తుఫాను వచ్చినా ముందు మాట్లాడాల్సింది చుట్టుపక్కల రెండు మూడు వందల కిలోమీటర్ల లోపు. దానికి తీగ 5 మీటర్ల ఎత్తులో ఉంటే చాలు. సిగ్నల్ నిటారుగా పైకెళ్లి దగ్గరే దిగుతుంది. చెట్టుకొమ్మ, తాడు సరిపోతాయి.

రాత్రి మాత్రం ఆ దగ్గరి దూరాలకు 7 మెగాహెర్ట్జ్ చాలాసార్లు పనిచేయదు, 3.5కు దిగాలి. అందుకు 40 మీటర్ల తీగ, విడి ట్రాన్స్‌ఫార్మరు కావాలి. రెండు కిట్లకే ఇవ్వగలిగాం. మిగతా నాలుగింటికి రావాల్సిన 140 వంతుల్లోంచి కొనాలనుకున్నాం. ఆ తొమ్మిది మంది ఇస్తే నాలుగు వారాల్లో పూర్తవుతుంది. ఇవ్వలేని పరిస్థితి ఉంటే ఆ మాటే చెప్పండి, వేరే దారి చూస్తాం.

నిల్వ 70 వంతుల్లో 30 కనెక్టర్లు, ఫ్యూజుల మార్పిడికి, 40 పాడైన బ్యాటరీ మార్చడానికి కేటాయించాం. పన్నెండు బ్యాటరీలూ సగం చార్జిలో ఉన్నాయి. ఆరు నెలలకోసారి అదే లోడు మీద పరీక్షించి, వచ్చిన గంటలు నిమిషాలు నంబరు వారీగా రాసి పెడతాం.