గ్రీనిచ్ ఫొటో చూశాక

అమ్మలూ,

నువ్వు లండన్‌ గ్రీనిచ్‌లో క్వీన్స్ హౌస్ ముందు దిగిన ఫొటో మీ అమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపిస్తోంది, నేను మాత్రం నీ వెనకున్న ఆ తెల్ల బిల్డింగ్‌నే చూస్తున్నా. అందులో కింద గదిలో ఒక తండ్రీ కొడుకూ ఓడల బొమ్మలు వేసేవాళ్లమ్మా, ఇద్దరి పేరూ ఒకటే, విల్లెమ్ వాన్ డె వెల్డె. తండ్రి 1611లో పుట్టాడు, కొడుకు 1633లో, ఇద్దరిదీ హాలండ్‌లో లైడెన్.

పెద్దాయన మహా మొండోడు. డచ్ వాళ్లకీ ఇంగ్లీషోళ్లకీ సముద్రం మీద యుద్ధం జరుగుతుంటే చిన్న ఓడేసుకుని దగ్గరికెళ్లిపోయి, అటు ఫిరంగులు పేలుతుంటే ఇటు కాగితం మీద గీసుకునేవాడు. ఒక్కోసారి ఆ బొమ్మలోనే ఓ మూల తన ఓడని కూడా పెట్టేసేవాడు, సాక్షి సంతకంలాగ! 1666లో నాలుగు రోజుల యుద్ధంలో ఇంగ్లీషోళ్ల రాయల్ ప్రిన్స్ అనే ఓడ ఇసుక మేటలో ఇరుక్కుని లొంగిపోయింది, కొడుకు దాన్ని రంగుల్లో వేశాడు, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో ఉంది. తండ్రిది ఎక్కువగా ఇంకు పనే, తెల్లరంగు పూసిన పలక మీద కలంతో తాళ్లూ తెరచాపలూ, చెయ్యి వణికిందా అయిపోయినట్టే, ఆ కష్టం నాకు తెలుసు.

1672లో ఫ్రెంచి సైన్యం మీద పడేసరికి అక్కడ బొమ్మలు కొనే నాథుడు లేడు, ఇద్దరూ ఇంగ్లండ్ చేరారు, నిన్నటిదాకా ఎవరి ఓటమి గీశారో ఆ రాజు దగ్గరికే. 1674లో రెండో చార్లెస్ ఏడాదికి చెరో వంద పౌండ్లు ఇచ్చాడు, యుద్ధాల డ్రాయింగులు గీసినందుకు తండ్రికి, వాటికి రంగులేసినందుకు కొడుక్కి, ఆర్డర్‌లో అలాగే రాసుంది.

అది వినగానే మన బోర్డుల షాపు గుర్తొచ్చింది. నేను సుద్దముక్కతో అక్షరాలు గీసి పెడితే నువ్వు స్కూల్ నుంచొచ్చి యూనిఫాం కూడా మార్చకుండా ఎనామిల్ రంగు నింపేదానివి, మీ అమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టేది. నీకేమో జీతం లేదు, బజ్జీలే.

ఈసారి అటెళ్తే ఆ కింద గది కిటికీలు ఫొటో తియ్యి. వాళ్లు పనిచేసే గదిలో మూడు కిటికీలకి తలుపులు పెట్టించారట, వెలుతురు ఎటునుంచి పడేదో చూడాలనుంది.

నాన్న