కారవాన్‌ని మీ పార్కులో ఆరేళ్ళే ఉంచుకోవచ్చని ముందే ఎందుకు చెప్పలేదు?

మేనేజర్ గారికి,

నమస్తే. మీ దగ్గర మాకు కారవాన్ అమ్మినాయన మొదటి నుంచి చివరిదాకా తెలుగులోనే మాట్లాడాడు, అందుకే నేనూ తెలుగులోనే రాస్తున్నాను. ఇంగ్లీషు ప్రతి కూడా జత చేశాను.

మేం లెస్టర్‌లో ఉంటాం. ఏటా వేసవికి గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తారు, వాళ్ళూ మా పిల్లలిద్దరూ అందరం సముద్రం దగ్గర కలిసి ఉండాలని పోయినేడు ఏప్రిల్‌లో స్కెగ్‌నెస్ దగ్గరున్న మీ పార్కుకి వచ్చాం. అప్పటికింకా ఎటూ తేల్చుకోలేదు. నాలుగు చక్రాల పెద్ద టూరింగ్ కారవాన్ కొని కారుకి తగిలించుకుని తిరగాలా, లేక పార్కులోనే కదలకుండా ఉండే స్టాటిక్ కారవాన్ తీసుకుని ఒకేచోట ఉండాలా అన్నదే మా టెన్షన్. టూరింగ్‌తో ఉన్న ఇబ్బందులు నాకు తెలుసు. మేం చూసిన బండి సామానుతో కలిపి 1,800 కిలోలు, కారవాన్ బరువు కారు బరువులో 85 శాతం దాటకపోతే మంచిదంటారు కాబట్టి మా కారు మార్చాలి, ఇంటి దగ్గర చోటు లేదు కాబట్టి స్టోరేజీకి డబ్బు కట్టాలి. ఇవన్నీ లెక్క వేసుకునే వచ్చాం. పైగా మాకు అమ్మినాయన ఇంకోటి చెప్పాడు, అంత బండి లాగాలంటే విడిగా డ్రైవింగ్ టెస్ట్ పాసవ్వాలి సార్ అని. ఆ టెస్ట్ 2021 డిసెంబర్ 16నే తీసేశారు. మామూలు కారు లైసెన్స్‌తో 3,500 కిలోల దాకా లాగొచ్చు. ఇది నాకు కొన్నాక తెలిసింది.

ఆ రోజు అమ్మ మీరు చూపించిన స్టాటిక్‌లో పెద్ద కిటికీ పక్కన సోఫాలో కూర్చుని, చెప్పులు విడిచి కాళ్ళు పైకి పెట్టుకుని, "ఇక్కడైతే ఎన్నాళ్ళైనా ఉంటానురా" అంది. మాకు అమ్మినాయన వెంటనే "మీ ఇల్లే అనుకోండమ్మా, ఎన్నేళ్ళైనా రావచ్చు" అన్నాడు. ఆ మాట మీదే ఆ స్టాటిక్‌కి 28,000 పౌండ్లు కట్టాం.

పార్కులో కారవాన్ ఉంచుకోవడానికి మీరిచ్చిన లైసెన్స్ కాగితాల్లో ఏడో పేజీలో ఏముందో తెలుసా? కారవాన్‌కి 15 ఏళ్ళు నిండితే మీ పార్కులో ఉంచకూడదట. మాకు అమ్మింది అప్పటికే తొమ్మిదేళ్ళది. అంటే ఆరేళ్ళే. ఆ స్థలానికి ఏటా 5,400 పౌండ్ల సైట్ ఫీజు వేరే. మధ్యలో అమ్ముకుందామంటే 15 శాతం కమిషన్, దాని మీద వ్యాట్ మీకే కట్టాలి. టూరింగ్ అయితే పాతబడినా మా బండి మాదే, నచ్చిన చోటికి తీసుకెళ్తాం, నచ్చినవాళ్ళకి అమ్ముకుంటాం. జనవరి, ఫిబ్రవరిలో పార్కు మూసేస్తారని మాత్రం ఆయన ముందే చెప్పాడు, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ రెండు నెలల సంగతి చెప్పినవాడికి ఈ ఆరేళ్ళ సంగతి గుర్తు లేదంటే నేను నమ్మను.

మేం కట్టిన ధరకే కారవాన్ వెనక్కి తీసుకోండి. లేదంటే ఇంకో పదేళ్ళు ఇదే స్థలంలో ఉంచుకోవచ్చని లైసెన్స్ మార్చి సంతకం పెట్టి ఇవ్వండి. ఈ నెలాఖరులోగా జవాబు రాకపోతే సిటిజన్స్ అడ్వైస్ సలహా సంస్థ ద్వారా, వ్యాపారుల మోసాలు చూసే ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కి ఫిర్యాదు చేస్తాను. ఫోన్ చేయకండి, ఏం చెప్పినా కాగితం మీదే చెప్పండి.

ఇట్లు,
మీ పార్కులో స్టాటిక్ కొన్న లెస్టర్ కుటుంబం