గజ్జల్లో నరం సంగతి ముందే చెప్పండి

సంపాదకులకు,

మా బావగారిది పోర్టులో మోత పని. కుడి గజ్జలో హెర్నియాకి నగరంలోని ఒక ఆసుపత్రిలో కోసి మెష్ (వల లాంటి అతుకు) వేశారు. బాగానే జరిగింది గానీ తొడ లోపలివైపు పైన మొద్దుబారి, ఉండుండి మంట పుడుతుంటే ఆయనకి ఒకటే టెన్షన్. ఇలియోఇంగ్వైనల్ అనే నరం ఆ దారిలోనే వృషణానికి వెళ్లే తాడుని ఆనుకుని వస్తుందని, పక్కనే ఇంకో రెండు సన్న నరాలుంటాయని, కోతలోనో కుట్టులోనో అవి దెబ్బతింటే తిమ్మిరీ నొప్పీ మిగలొచ్చని నర్సింగ్ చదివే మా అమ్మాయి పుస్తకం తిరగేస్తేగానీ మాకు తెలీలేదు. కాస్త కిందనే తొడకెళ్లే పెద్ద ధమని, సిర కూడా ఉన్నాయట, చూస్తే భయమేసింది. సంతకం పెట్టించుకున్న కాగితంలో అన్నీ ఉన్నాయట, ఇంగ్లీషులో! డాక్టర్లు ఐదు నిమిషాలు తెలుగులో చెప్పాలి. మూడు నెలలు దాటినా నొప్పి తగ్గకపోతే మళ్లీ రమ్మని కూడా చెప్పాలి.

- ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం