తుపానుకు ముందే బళ్లోని త్రీడీ ప్రింటర్ గది తాళం తీయండి

సంపాదకులకు,

తుపాను వచ్చిపోయాక మా శ్రీకాకుళం తీరంలోని ఉద్దానానికి ఏం పంపాలో ప్రభుత్వానికీ దాతలకూ బాగానే తెలుసు. బియ్యం, కందిపప్పు, నూనె, టార్పాలిన్లు టైముకే వస్తాయి. పది రూపాయల ప్లాస్టిక్ ముక్క దొరక్క వేల రూపాయల మోటారు మూలన పడితే ఏం చెయ్యాలో మాత్రం ఎవరి జాబితాలోనూ ఉండదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటాక మా ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. ట్యాంకు నింపడానికి డీజిల్ జనరేటరూ, దాంతోపాటు ఒక మోటారూ తెచ్చారు. తీరా చూస్తే మోటారు మూతికీ మా పైపుకీ సైజు కుదరలేదు. రెండు సైజుల్నీ కలిపే రెడ్యూసర్ ముక్క కొనుక్కొద్దామంటే దారి పొడవునా కొబ్బరిచెట్లు పడున్నాయి. చివరికి సైకిల్ ట్యూబు చుట్టి కట్టుతీగతో బిగించాం. సగం నీళ్లు ట్యాంకుకి, సగం నేలకి.

2015 భూకంపం తర్వాత నేపాల్‌లోని బహ్రబిసే శిబిరంలోనూ ఇలాంటి తంటానే వచ్చింది. ఫీల్డ్ రెడీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పైపు కొలత తీసుకుని, కంప్యూటర్‌లో డిజైన్ గీసి, వాహనం బ్యాటరీతో నడిపిన త్రీడీ ప్రింటర్ మీద, అంటే ప్లాస్టిక్‌ను కరిగించి పొరలు పొరలుగా పేర్చి వస్తువు చేసే యంత్రం మీద, పైపు ఫిట్టింగులు అక్కడే చేశారు.

ఆ యంత్రం మనకు కొత్తేమీ కాదు. పిల్లలు సొంతంగా వస్తువులు తయారుచేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబు మంజూరైన బడికి కేంద్రం 20 లక్షల రూపాయల వరకు ఇస్తుంది, సామగ్రిలో త్రీడీ ప్రింటర్ కూడా ఉంటుంది. నేను చూసిన ఒక బళ్లో దాని మీద దుప్పటి కప్పి గదికి తాళమేశారు. పిల్లలు పాడుచేస్తే ఎవరు కట్టాలని హెడ్మాస్టరు గారి టెన్షన్. ఆయన్ని తప్పుపట్టను, రిపేరుకు డబ్బులెక్కడివి?

అలాగని ప్రింటర్ ఉంటే గట్టెక్కినట్టే అనుకోకూడదు. రెండు పైపుల్ని కలిపే చిన్న కప్లింగుకే గంట పట్టొచ్చు. బళ్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఎండలో కాలిన రేకు మీద పెడితే వంకర తిరుగుతుంది. పీఈటీజీ అనే ఇంకో రకం ప్లాస్టిక్ కాస్త మేలు. ఏదైనా నాలుగు రోజులు గండం గడవడానికే, నీళ్లు ఒత్తిడితో పోయే ప్రెషర్ లైనుకు నమ్మలేం. అసలు పనితనమంతా కొలతలో ఉంది. సన్న కొలతలు తీసే వెర్నియర్ పట్టడం తెలిసిన మనిషి లేకపోతే ప్రింటర్ దండగ. అలాంటి మనుషులు కాశీబుగ్గలో ఇనుప భాగాలు కోసి చెక్కి జీడిపప్పు మెషిన్లు బాగుచేసే లేత్ షాపుల్లో ఉన్నారు. తుపాను సన్నాహాల మీటింగుకు వాళ్లను పిలిచినట్టు నేనెప్పుడూ వినలేదు.

కలెక్టరు గారికి నా విన్నపం ఇదీ. అక్టోబరు రాకముందే ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా మండలానికో బడి ప్రింటర్‌ను, ఒక లేత్ షాపును, ఒక చిన్న జనరేటర్‌ను జత చేయండి. ఊళ్లలోని మోటార్లు, పైపుల సైజులు ఇప్పుడే కొలిపించి డిజైన్లు సిద్ధం చేయించండి. తుపానులో నెట్ ఉండదు కాబట్టి ఆ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో బడిలోనే ఉండాలి. గది తాళంచెవి ఎవరింట్లో ఉందో సచివాలయం గోడ మీద రాయించండి.

— ఒక మోటారు మెకానిక్,
వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా