ఆన్ కాని ల్యాప్‌టాప్‌కు ఇకపై నేరుగా ఫార్మాట్ కొట్టం: మా కస్టమర్లకు

హనుమకొండలో మా షాపుకు వచ్చే అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి మా పద్ధతి మారుతోంది. "ఆన్ అయితలేదన్నా, ఫార్మాట్ కొట్టియ్యి" అని ల్యాప్‌టాప్ కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయినా ఇకపై నేరుగా ఫార్మాట్ చేయం, అంటే డిస్క్‌లో ఉన్నదంతా తుడిచి విండోస్ కొత్తగా వేయం. ఎక్కడ ఆగిపోతోందో ముందు చూస్తాం, ఫోన్ చేసి చెప్తాం, మీరు సరే అన్నాకే పని మొదలుపెడతాం. గంటలో అయ్యే పని దీనివల్ల ఒక్కోసారి మర్నాటికి పడుతుంది. చెకింగ్ చార్జీ కూడా ముందే తీసుకుంటాం, రిపేర్ చేయించుకుంటే బిల్లులో తగ్గిస్తాం. కొందరికి ఇది నచ్చదని తెలుసు. అందుకే కారణం చెప్తున్నాను.

"ఆన్ కావట్లేదు" అని వచ్చే ల్యాప్‌టాప్‌లన్నిటిదీ ఒకటే కంప్లయింట్ కాదు. బటన్ నొక్కితే ఒక్క లైటూ వెలగకపోతే చార్జర్, చార్జర్ పిన్ గుచ్చే జాక్, లోపలి మెయిన్ బోర్డు చూడాలి. లైటు వెలిగి, ఫ్యాన్ తిరుగుతూ స్క్రీన్ నల్లగా ఉంటే దాన్ని మేం నో డిస్‌ప్లే అంటాం. ఈ రెంటికీ ఫార్మాట్‌తో సంబంధమే లేదు. నో డిస్‌ప్లే వస్తే ముందు ఫోన్ టార్చ్ ఏటవాలుగా స్క్రీన్ మీద వేస్తాం. లోపల బొమ్మ మసకగా కనిపించిందంటే ల్యాప్‌టాప్ బాగానే నడుస్తోంది, స్క్రీన్ వెనక వెలుగే పోయింది. కనిపించకపోతే ర్యామ్, అంటే నడుస్తున్న పనిని అప్పటికప్పుడు పట్టి ఉంచే మెమరీ కార్డు, తీసి చూస్తాం. దాని కింది అంచున బంగారు రంగు గీతలు వరసగా ఉంటాయి. మన దగ్గరి దుమ్ముకు, వానాకాలం తేమకు అవి మసకబారి నల్లగా అవుతాయి. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి పూర్తిగా దులిపి, క్లిక్ మనేదాకా నొక్కి పెడితే చాలాసార్లు లోగో వచ్చేస్తుంది. కొన్ని డెల్ మోడళ్లలో లైటు రెండుసార్లు నారింజ రంగులో, మూడుసార్లు తెల్లగా మినుకుమంటే ర్యామ్ దొరకట్లేదని అర్థం. మీ ల్యాప్‌టాప్ లైటు అలా కొట్టుకుంటుంటే వీడియో తీసి పంపండి, మాకు సగం పని తగ్గుతుంది.

లోగో వచ్చి చుక్కలు తిరుగుతూ ఉండిపోయినా ఫార్మాట్ ఆఖరి మార్గమే. లోగో కనిపించగానే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపడం రెండు మూడుసార్లు చేస్తే, ఆ తర్వాత విండోస్ తనే రిపేర్ స్క్రీన్ తెరుస్తుంది. అక్కడ కొత్తగా పడిన అప్‌డేట్ తీసేయొచ్చు, సేఫ్ మోడ్‌లోకి, అంటే అవసరమైనవి మాత్రమే నడిచే విండోస్‌లోకి వెళ్లొచ్చు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా బ్లూ స్క్రీన్లు వచ్చాయి, హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు, గుర్తుందా? మైక్రోసాఫ్ట్ లెక్కలో దాదాపు 85 లక్షల కంప్యూటర్లు ఆగిపోయాయి. దానికి మందు సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైలు తీసేయడం. చాలావాటికి ఫార్మాట్ కొట్టాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెడుతున్న విషయం చెప్తాను. బయోస్ (విండోస్ కంటే ముందు ల్యాప్‌టాప్‌ను లేపే ప్రోగ్రామ్) అప్‌డేట్ అయినా, బోర్డు మార్చినా ఒక్కోసారి నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. దాన్ని చూసి వైరస్ అనుకుంటారు. కాదు. అది బిట్‌లాకర్, అంటే మీ డిస్క్‌కు వేసిన తాళం. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే చాలావాటిలో మీరు అడగకుండానే ఈ తాళం పడుతుంది. కీ ఆ అకౌంట్‌లో ఉంటుంది. అకౌంట్ ఎవరిదన్నదే చిక్కు. మొన్న ఒక ఫైనల్ ఇయర్ అమ్మాయి వచ్చింది, ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది, కళ్లలో నీళ్లు. అకౌంట్ తనది కాదు. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు వాళ్లన్నయ్య తన మెయిల్ ఐడీతో సెటప్ చేశాడు, ఆయన ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు. ఇక్కడ మధ్యాహ్నం, అక్కడ అర్ధరాత్రి. ఆయన నిద్ర లేచి అకౌంట్ తెరిచి, స్క్రీన్ మీది కీ ఐడీతో సరిచూసి కీ ఫొటో పంపాడు. ఒక్కో అంకె కొట్టాం, ఫైళ్లన్నీ వచ్చాయి. అదే ఆ మెయిల్ ఐడీ ల్యాప్‌టాప్ కొన్న షాపులో కుర్రాడిదై ఉంటే? కీ లేకపోతే ఆ డేటా మేమూ తీయలేం, మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా తీసివ్వలేరు. తీస్తామని డబ్బులు అడిగేవాళ్లను నమ్మకండి.

తర్వాత రికవరీ చేయించుకుందాం, ముందు ఫార్మాట్ కొట్టమనేవాళ్లూ ఉన్నారు. పాత హార్డ్ డిస్క్‌లలో కొంత ఆశ ఉండేది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు బదులు వచ్చే చిప్పుల ఎస్ఎస్‌డీ అలా కాదు. ఫార్మాట్ కాగానే ఖాళీ అయిన చోటును అది తనంతట తనే తుడిచేసుకుంటుంది. పెళ్లి ఫొటోలు, పిల్లల వీడియోలు అందులోనే పెట్టుకుని బ్యాకప్ లేనివాళ్లు రోజూ వస్తుంటారు. వాళ్ల ముఖం చూసి "పోయాయండీ" అని చెప్పే పరిస్థితి మాకు రాకూడదు.

ధరల సంగతి కూడా దాచను. 2025 చివరి నుంచి ర్యామ్, ఎస్ఎస్‌డీ రేట్లు బాగా పెరిగాయి. మెమరీ చిప్పులు తయారుచేసే కంపెనీలు ఏఐ డేటా సెంటర్ల ఆర్డర్లకే మొగ్గు చూపుతున్నాయి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి ఉంటుందని నమ్మకం లేదు. కాబట్టి మేం చెప్పే పార్టు ధర ఆ రోజుకే. పాత ర్యామ్ పనిచేస్తుంటే కొత్తది వేయం, మార్చిన పాత పార్టు మీ చేతికే ఇస్తాం.

వచ్చేటప్పుడు మీ చార్జర్ తెండి. చార్జరే పోయి ల్యాప్‌టాప్ మీద అనుమానపడేవాళ్లు చాలామంది. ల్యాప్‌టాప్ ఏ మెయిల్ ఐడీతో సెటప్ అయిందో ఇంట్లో కనుక్కుని రండి. ల్యాప్‌టాప్ ఇప్పుడు బాగా పనిచేస్తున్నవాళ్లు కూడా ఈ రాత్రే మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి ఆ 48 అంకెల కీ కాగితం మీద రాసుకోండి. ఎలాగో తెలియకపోతే షాపుకు రండి, దానికి డబ్బులు తీసుకోం.