రోడియోను 'అమెరికా జల్లికట్టు' అనకండి

సంపాదకులకు,

మార్చి వచ్చిందంటే మా హ్యూస్టన్‌లో రోడియో, అంటే గుర్రాలు, పశువులతో కౌబాయ్‌లు ఆడే పోటీల హడావిడి. ఇక్కడి మనవాళ్లు కౌబాయ్ టోపీలు పెట్టుకుని దిగిన ఫొటోలు తెలుగు పత్రికల దాకా వస్తాయి, సంతోషమే. కానీ వాటి కింద 'అమెరికా జల్లికట్టు' అని రాసి వదిలేస్తుంటే బాధగా ఉంటుంది. చిత్తూరు జిల్లాలో సంక్రాంతికి జరిగే పశువుల పండగ వేరు. రోడియో పండగలోంచి కాదు, కూలి పనిలోంచి పుట్టింది.

అది స్పానిష్ మాట, 'రొదెయార్' అంటే చుట్టుముట్టడం. కంచెల్లేని రోజుల్లో మెక్సికోలో, టెక్సస్, కాలిఫోర్నియాల్లో నలుగురి పశువులూ ఒకే బీడులో కలిసి మేసేవి. వాటిని గుర్రాల మీద వెళ్లి చుట్టుముట్టి, ఒకచోటికి తోలి, ఎవరి ముద్ర ఉన్నవి వాళ్లకు విడదీసి, దూడలకు తల్లి మీదున్న ముద్రే కాల్చి వేసేవాళ్లు వకేరోలు, అంటే పశువుల కాపర్లు. ఆ తోలుకురావడమే మొదట్లో రోడియో, పోటీలు తర్వాత వచ్చినవే. కౌబాయ్‌లు పని నేర్చుకున్నది వీళ్ల దగ్గరే, లాసో, లారియట్ (పశువుల మీదికి విసిరే ఉచ్చుతాళ్లు), చాప్స్ (కాళ్లకు తొడిగే తోలు కవచం) అన్నీ స్పానిష్ నుంచి వచ్చిన మాటలే. కోడె కొమ్ములకు తాడు పడగానే రెండో కొసను జీను ముందున్న పిడికి గబగబా చుట్టాలి, దాన్ని 'డాలీ' అంటారు, స్పానిష్‌లో 'దాలే వుయెల్తా', చుట్టు తిప్పు అని. ఆ చుట్టులో బొటనవేలు ఇరుక్కుంటే తెగిపోతుంది, అలా వేళ్లు పోగొట్టుకున్న ఆటగాళ్లు ఉన్నారు.

టీవీలో ఎప్పుడూ చూపించేది 8 సెకన్లు ఎద్దు మీద నిలవడమే గానీ, నిజానికి పశువుల కాపరికి ఎద్దెక్కాల్సిన పనే లేదు, అది చూసేవాళ్ల కోసం చేరిన అంశం.

ఇంకోటి, ఇది తెల్లవాళ్ల ఆట అన్నట్టు రాయడం అసలు న్యాయం కాదు. పరిగెత్తే కోడెను గుర్రం మీంచి దూకి కొమ్ములు పట్టి పడగొట్టే పోటీకి పేరు తెచ్చింది బిల్ పికెట్, టెక్సస్‌లో పుట్టిన నల్లజాతి కౌబాయ్. కోడె పెదవిని పళ్లతో పట్టి లొంగదీసేవాడు. 1932లో చనిపోతే మేటి ఆటగాళ్లను గౌరవించే రోడియో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది 1971లో.

మెక్సికోలో వకేరోల ఈ గుర్రపు స్వారీ, తాడు విద్యను చర్రేరియా అంటారు, 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మా ఫొటోలు ఎలాగూ వేస్తారు, వకేరోల గురించి, పికెట్ గురించి కూడా ఒక ఆదివారం అనుబంధంలో పూర్తి పేజీ ఇవ్వండి.

- ఒక పాఠకుడు, హ్యూస్టన్